నీడ నిలిచిన వృత్తాంతం

నీడ మనిషి బ్రతికినన్నాళ్లూ వెంట ఉంటుంది, మనిషితోనే మాయమవుతుంది. ఫొటోగ్రఫీకి మనం తెలుగులో పెట్టుకొన్న ఛాయాచిత్రణ అనే పేరులో ఒక విరోధం దాగి ఉన్నది. ఛాయ నిలవనిది, చిత్రం నిలిచేది. నిలవనిదానిని నిలపడమే ఈ విద్య చేసిన పని.

ఈ విద్య చరిత్రను చెప్పేవారు సాధారణంగా ఆవిష్కర్తల పేర్లను వరుసగా చెప్పి ఊరుకొంటారు. కాని అసలు చిక్కు బింబాన్ని పొందడంలో లేదు, పొందినదానిని నిలుపుకోవడంలో ఉన్నది. ఆ చిక్కు ఐరోపాలో రసాయన రూపంలో తలయెత్తి 1839లో తీరింది. మన దేశానికి వచ్చేసరికి అది ఇంకొక రూపం దాల్చింది. బొమ్మ నిలుస్తుంది సరే, బొమ్మలోనివారి పేరు నిలుస్తుందా అనే ప్రశ్న అది. ఈ వ్యాసంలో ఆ రెండింటినీ క్రమంగా పరిశీలింతము.

1

మిట్టమధ్యాహ్నం తలుపులు మూసిన ఇంటిలోకి సన్నని రంధ్రంగుండా వెలుతురు వచ్చినప్పుడు, వీధిలో పోయే బండి ఎదుటి గోడమీద తలక్రిందులుగా కదలడం కనిపిస్తుంది. ఈ వింతను పదకొండవ శతాబ్దంలోనే అరబ్బు శాస్త్రజ్ఞుడు ఇబ్న్ అల్ హైతమ్ శ్రద్ధగా పరిశీలించాడు. తరువాతి ఐరోపా చిత్రకారులు రంధ్రానికి కటకాన్ని అమర్చి, గదిని పెట్టెగా కుదించి, అందులో పడిన బింబంమీద కాగితం పరచి రేఖలు గీసుకొనేవారు. కనుక ఛాయాగ్రహణ యంత్రం ఛాయాచిత్రంకంటె ఎంతో పాతది. లోపించినదల్లా చేయి సాయం లేకుండా తనంతట తాను బొమ్మను పట్టుకొనే పదార్థం ఒక్కటే.

ఆ పదార్థం వెండి. వెండి లవణాలు నల్లబడడానికి కారణం వేడి కాదనీ, వెలుగేననీ జర్మనీలో షుల్జ్ పద్దెనిమిదవ శతాబ్దంలో నిరూపించాడు. 1802లో ఇంగ్లండులో వెడ్జ్‌వుడ్, డేవీ అనేవారు సిల్వర్ నైట్రేటు పూసిన కాగితంమీదను, తోలుమీదను ఆకులను ఉంచి ఎండలో పెట్టి వాటి ఆకృతులను పొందగలిగారు. కాని ఆ ఆకృతులను దీపపు మసక వెలుగులోనే చూడవలసివచ్చేది. పగటి వెలుగు తగిలిందా, తెల్లగా మిగిలిన భాగం కూడ నల్లబడి ఆకు జాడ చెరిగిపోయేది. బొమ్మను పుట్టించిన వెలుగే బొమ్మను మ్రింగివేసేది.

ఈ చిక్కు స్వభావం మన అద్దకపు పనివారికి సులభంగా బోధపడుతుంది. కాళహస్తిలోను, మచిలీపట్నం ప్రాంతంలోను కలంకారీవారు గుడ్డను ముందుగా కరక్కాయ నీటిలో తడిపి ఆరవేస్తారు. ఎరుపు కావలసినచోట పటిక నీటితో వ్రాస్తారు. పిమ్మట రంగునీటిలో ఉడికిస్తే పటిక ఉన్నచోట రంగు పట్టుకొంటుంది. లేనిచోట అంటిన రంగు ఏటినీటి ఉతుకులో పోతుంది. ఛాయాచిత్రణలో వెలుగుది పటిక స్థానం. అది సోకినచోట వెండి నల్లబడి నిలుస్తుంది. సోకనిచోట మిగిలిన లవణాన్ని ఉతికివేయవలె. ఆ ఉతుకునీరు ఏదో చాలకాలం ఎవరికీ తెలియలేదు.

ఫ్రాన్సులో నియెప్స్ అనే ఆయన వెండిని విడిచి వేరు దారి తొక్కాడు. వెలుగు తగిలితే గట్టిపడే ఒక జాతి తారును లోహపు పలకమీద పూసి, తన ఇంటి కిటికీనుండి కనిపించే దృశ్యానికి ఎదురుగా పెట్టి, గట్టిపడని భాగాన్ని లావెండరు నూనెతో కడిగివేశాడు. 1826-27 ప్రాంతంలో తీసిన ఆ పలక నేటికీ ఉన్నది. కాని దానికి గంటలకొద్దీ ఎండ కావలసివచ్చింది. 1829లో ఆయనతో భాగస్వామియైన డాగేరు, ఆయన 1833లో మరణించిన పిమ్మట, తిరిగి వెండికే వచ్చాడు. వెండి పూత గల రాగిరేకును అద్దంవలె మెరుగుపెట్టి, అయొడిన్ ఆవిరి పట్టించి, పెట్టెలో ఉంచి వెలుగు చూపి, ఆపై పాదరసపు ఆవిరి పట్టిస్తే అంతవరకు కానరాని బొమ్మ పైకి తేలింది. 1839 జనవరి 7న అరాగో ఈ వార్తను పారిస్ శాస్త్ర పరిషత్తుకు తెలిపాడు. ఆగస్టు 19న విధానమంతా బహిరంగమైంది. డాగేరు బొమ్మ అద్భుతమైన సూక్ష్మత గలది. కాని ఒక్కటే బొమ్మ. దానికి ప్రతి లేదు.

ఇంగ్లండులో టాల్బట్ కాగితాన్నే నమ్ముకొన్నాడు. 1835 నాటికే ఆయన తన ఇంటి కిటికీ ఒకదానిని చిన్న కాగితపు ముక్కమీద పట్టాడు. అందులో వెలుగున్నచోట నలుపు, నీడ ఉన్నచోట తెలుపు కనిపించాయి. ఆ తిరగబడిన బొమ్మను మరొక కాగితంమీద ఉంచి ఎండలో పెడితే తిరిగి సరియైన బొమ్మ వస్తుంది. ఒకటి కాదు, ఎన్నైనా వస్తాయి. నెగెటివ్, పాజిటివ్ అన్న విభజన ఇక్కడే పుట్టింది. 1840లో ఆయన మరొక మర్మం కనుగొన్నాడు. పెట్టెలో కొద్దిసేపే వెలుగు చూచిన కాగితంమీద కంటికి ఏమీ కనిపించకపోయినా బొమ్మ గుప్తంగా ఉంటుందనీ, మాచికాయలనుండి తీసే గాలిక్ ఆమ్లాన్ని సిల్వర్ నైట్రేటుతో కలిపి పూస్తే అది బయటపడుతుందనీ ఆయన గ్రహించాడు. 1841లో ఈ పద్ధతికి పేటెంటు పొందాడు.

ఇక ఉతుకునీటి సంగతి. సోడా హైపోసల్ఫైటు అని అప్పట్లో పిలిచిన లవణం వెండి లవణాలను కరగిస్తుందని జాన్ హెర్షెల్ 1819లోనే కనుగొన్నాడు. ఇరవై ఏండ్లు దానికి ఉపయోగం కనబడలేదు. 1839లో ఆయనే దానిని ఛాయాచిత్రాలకు వాడి చూచి, టాల్బట్‌కు తెలిపాడు. ఛాయాచిత్రకారులు తరతరాలుగా హైపో అని పిలిచినది దీనినే. నీడ నిలవడమన్నది ఆ రోజుననే నిజంగా జరిగిందని చెప్పవచ్చు.

2

ఈ విద్య మన దేశానికి ఆలస్యంగా రాలేదు. 1840 నాటికే కలకత్తాలో డాగేరు యంత్రాలు అమ్మకానికి వచ్చాయి. 1854లో బొంబాయిలోను, 1856లో కలకత్తాలోను, మద్రాసులోను ఛాయాచిత్రణ సంఘాలు ఏర్పడ్డాయి. బొంబాయి సంఘంలో నారాయణ దాజీ, బెంగాలు సంఘంలో రాజేంద్రలాల్ మిత్రా వంటి భారతీయులు మొదటినుండి పాల్గొన్నారు. మిత్రా గొప్ప పండితుడు. ఆ సంఘానికి కోశాధికారిగా, కార్యదర్శిగా పనిచేశాడు. 1857లో ఆయన నీలిమందు తోటల దొరలను ఒక సభలో విమర్శించగా, దొరలకు కోపం వచ్చి ఆయనను ఛాయాచిత్రణ సంఘంనుండి తొలగించారు. కటకానికి పక్షపాతం లేకపోవచ్చు. కటకం చుట్టూ చేరినవారికి ఉన్నదని ఆ ఒక్క సంఘటన తెలుపుతున్నది.

అప్పటికి పద్ధతులు మారుతున్నాయి. 1851లో రెండు మార్పులు వచ్చాయి. ఫ్రాన్సులో లె గ్రే కాగితానికి ముందుగానే మైనం పట్టించే విధానాన్ని ప్రకటించాడు. ఆ కాగితాలను కొన్ని రోజుల ముందు సిద్ధంచేసుకొని ప్రయాణంలో తీసికొనిపోవచ్చు. ఇంగ్లండులో ఆర్చర్ గాజుపలకమీద కొలోడియన్ పూసే విధానం కనుగొన్నాడు. ప్రత్తిని ఆమ్లాలలో నానబెట్టి, ఈథరులోను ఆల్కహాలులోను కరగించిన జిగురు అది. గాజు కాబట్టి కాగితపు నార కనిపించదు. బొమ్మ చాల స్పష్టంగా వస్తుంది. అయితే పలక తడిగా ఉండగానే బొమ్మ తీసి, తడిగా ఉండగానే పైకి తెప్పించవలె. ఈథరు మన ఎండలలో నిముషాలలో ఆవిరియైపోతుంది. అందుచేత ఛాయాచిత్రకారుడు గుడారము, సీసాలు, నీరు అన్నీ వెంట మోసుకొని ఊరూరా తిరుగవలసివచ్చేది. బొమ్మ దిగిన తరువాత కోడిగ్రుడ్డు తెల్లసొన పూసిన కాగితంమీద ఎండలో అచ్చు తీసేవారు. మన దేశంలో ధారాళంగా దొరికినది ఆ ఎండ ఒక్కటే.

1856లో మద్రాసు ప్రభుత్వం లినేయస్ ట్రైప్ అనే సైనికోద్యోగిని తన ఛాయాచిత్రకారునిగా నియమించింది. ఆయన 1857 డిసెంబరునుండి 1858 ఏప్రిలువరకు ఎడ్లబండ్లమీద సామగ్రి వేసికొని శ్రీరంగం, తిరుచిరాపల్లి, మదుర, పుదుక్కోట, తంజావూరు తిరిగాడు. తెలుగు నాయకరాజు తిరుమలనాయకుని మదుర సౌధం శిథిలావస్థలో ఎట్లున్నదో ఆయన చిత్రాలవలన నేటికీ తెలుస్తుంది. ఆనాటి వెండి లవణాలు నీలివెలుగును ఎక్కువగా గ్రహించేవి గనుక ఆకాశం తెల్లగా బోసిపోయి కనిపించేది. ట్రైప్ నెగెటివులమీద రంగుపూసి మబ్బులను తానే తీర్చిదిద్దాడు. యంత్రం సత్యాన్ని మాత్రమే చెబుతుందని లోకం నమ్ముతున్న కాలంలోనే దానికి మనిషి చేయి తోడు కావలసివచ్చింది.

తంజావూరు బృహదీశ్వరాలయంలో ట్రైప్ చేసిన పని మరింత గమనింపదగినది. విమానపు అధిష్ఠానంమీద చెక్కిన శాసనాలను వరుసగా తీసి, ఇరవైయొక్క అచ్చులను ఒకదానికొకటి అతికి, దాదాపు పంతొమ్మిది అడుగుల పొడవుగల ఒకే చిత్రంగా కూర్చాడు. ఎండలో నిలబడి వ్రాసుకోనక్కరలేకుండా పండితులు తమ బల్లమీద పరచుకొని చదువుకోవడానికి పనికివచ్చే చిత్రమది. అదే ఆలయపు మరొక గోడమీద రాజరాజచోళుడు ఆలయసేవకై రప్పించిన నాలుగువందల మంది నర్తకీమణుల పేర్లు, వారు వచ్చిన ఊళ్లు, వారికిచ్చిన ఇండ్లు చెక్కి ఉన్నాయి. పదకొండవ శతాబ్దపు ఉలి సామాన్య స్త్రీల పేర్లను అంత జాగ్రత్తగా నిలిపింది. ఈ సంగతిని ముందు చెప్పబోయే విషయంతో పోల్చుకొనుటకై పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

3

ఆ 1858లోనే ట్రైప్ మద్రాసు మ్యూజియములో అమరావతి శిల్పాలను చిత్రించాడు. తెలుగుదేశానికి సంబంధించినంతవరకు ఛాయాచిత్రణ తొలిచరిత్రలో ఇంతకంటె ముఖ్యమైన ఘట్టం లేదు.

అమరావతి దిబ్బను పద్దెనిమిదవ శతాబ్దపు చివర వాసిరెడ్డి వెంకటాద్రినాయుని మనుష్యులు తన కొత్త పట్టణానికి రాళ్లకోసం త్రవ్వారు. స్తూపపు సున్నపురాయిలో కొంత కట్టడాలలో కలిసింది, కొంత బట్టీలలో కాలి సున్నమయింది. కావలి సోదరులవంటి తెలుగు విద్వాంసులను సహాయకులుగా పెట్టుకొన్న మెకంజీ 1816 మొదలు తన చిత్రకారులచేత మిగిలిన శిల్పాలకు బొమ్మలు గీయించాడు. వాటిలో కొన్ని శిల్పాలు ఆ గీతలలో తప్ప ఎక్కడా మిగలలేదు. 1845లో వాల్టర్ ఇలియట్ మరికొన్నింటిని త్రవ్వించి మద్రాసుకు పంపాడు. అక్కడ అవి కొన్నేండ్లు ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిసి, తరువాత మ్యూజియానికి చేరాయి. ట్రైప్ బొమ్మలు తీసిన మరుసటి ఏడు, 1859లో, వందకు పైగా శిల్పాలను ఓడకెక్కించి లండనుకు పంపివేశారు. చివరకు అవి బ్రిటిష్ మ్యూజియము చేరాయి.

అనగా మన గడ్డమీద ఉండగా వాటికి తీసిన ఛాయాచిత్రాలు ఒక విధంగా వీడ్కోలు చిత్రాలు. తీసినవానికి ఆ భావం ఉండి ఉండదు. ఆయనకది వస్తువుల పట్టిక. కాని ఈనాడు కృష్ణాతీరాన నిలిచి చూచేవానికి అక్కడ మిగిలినది మట్టిదిబ్బ, కొద్దిపాటి రాళ్లు. శిల్పాలు మద్రాసులో, లండనులో, ఇతర మ్యూజియములలో చెదరి ఉన్నాయి. రాయి కదిలిపోయినా దాని నీడ కాగితంమీద నిలిచి, ఏది ఎక్కడనుండి ఎక్కడికి పోయిందో చెప్పే సాక్షియైంది. 1859లో కొత్త గవర్నరు ట్రెవెల్యన్ ఖర్చు దండుగ అనే భావంతో ట్రైప్ పనిని నిలిపివేశాడు. ఆ ఆజ్ఞ రెండేండ్లు ముందు వచ్చి ఉంటే ఈ సాక్ష్యం కూడ మనకు దక్కేది కాదు.

4

రాళ్ల పట్ల చూపిన ఈ శ్రద్ధ మనుష్యుల పట్ల కనిపించదు. 1868-75 మధ్య లండనులో ఎనిమిది సంపుటాలుగా వెలువడిన ‘ది పీపుల్ ఆఫ్ ఇండియా’ అనే గ్రంథంలో కులం, తెగ, వృత్తి పేర్లకింద వందలాది భారతీయుల ఛాయాచిత్రాలు ఉన్నాయి. ముఖానికి కులం పేరున్నది. సొంతపేరు చాలచోట్ల లేదు. కూర్చున్నది ఒక మనిషి. చూపించినది ఒక జాతి నమూనా.

ఇందులో రసాయనం చేసిన అన్యాయం కూడ ఉన్నది. నీలివెలుగును మాత్రమే గ్రహించే ఆ పలకలకు పసుపు, ఎరుపు దాదాపు నలుపుగానే తోచేవి. పసుపు పూసుకొన్న ముఖం నల్లబడేది. కుంకుమబొట్టు కాటుకచుక్కవలె కనిపించేది. చామనచాయ మనిషి ఉన్నదానికంటె నల్లగా దిగేవాడు. జర్మనీలో ఫోగెల్ 1873లో కొన్ని అద్దకపు రంగులు కలిపి ఈ దోషాన్ని సవరించే మార్గం కనుగొన్నాడు. అంతవరకు తీసిన బొమ్మలు మన ముఖాలకు నమ్మకమైన ప్రతులు కావు. పాత ఛాయాచిత్రాన్ని చూచి పూర్వీకుల వర్ణాన్ని నిర్ణయించేవారు ఈ సంగతి మరువరాదు.

1876-78 నాటి ఘోరకరవు మద్రాసు రాజధానిని పట్టి కుదిపింది. బళ్లారి, కర్నూలు, కడప జిల్లాలు దారుణంగా దెబ్బతిన్నాయి. లక్షలాది జనం ప్రాణాలు విడిచారు. అప్పుడు హూపర్ అనే సైనికాధికారి మద్రాసులో కరవు బాధితుల ఛాయాచిత్రాలు తీశాడు. అస్థిపంజరాలవంటి తల్లులను, బిడ్డలను, ముసలివారిని వరుస తీర్చి కూర్చోబెట్టి తీసిన బొమ్మలవి. అవి లేకపోతే కరవు ప్రభుత్వ నివేదికల అంకెలలో అణగిపోయేదన్నది నిజం. అవి ఉన్నందువల్ల ఆ మనుష్యులు మరల మనుష్యులుగా గుర్తింపబడలేదన్నదీ నిజమే. తీసినవాని పేరు మనకు తెలుసు, హోదా తెలుసు. కూర్చున్నవారిలో ఒక్కరి పేరూ తెలియదు. తంజావూరు గోడమీది నాలుగువందల పేర్లను ఇక్కడ తలచుకొంటే, ఎనిమిదిన్నర శతాబ్దాలలో పనిముట్టు వృద్ధిపొందిందే గాని, దాని వెనుకనున్న మర్యాద వృద్ధిపొందలేదని తోచక మానదు.

5

ఆ మర్యాద మనవారి చేతిలోకి పనిముట్టు వచ్చినప్పుడు ఎట్లు మారిందో రాజా దీన్‌దయాళ్ జీవితం చూపుతుంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో జన్మించిన ఆయన రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, ఇందూరులో పనిచేస్తూ 1874 ప్రాంతంలో ఈ విద్యకు దిగాడు. 1880-90 మధ్యలో హైదరాబాదుకు వచ్చి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ఆస్థానంలో చేరాడు. సికిందరాబాదులో స్టూడియో పెట్టాడు. నిజాము ఆయనకు ముసవ్వర్ జంగ్ అనే బిరుదిచ్చాడు. ముసవ్వర్ అంటే చిత్రకారుడు.

అప్పటికి మాడక్స్ 1871లో సూచించిన జెలటిన్ పొడిపలకలు విరివిగా వచ్చాయి. గుడారం, తడి, తొందర తగ్గాయి. క్షణంలో బొమ్మ తీయవచ్చు. దీన్‌దయాళ్ రాజులను, వేటలను, సౌధాలను, సైన్యాలను తీశాడు. శతాబ్దాంతపు కరవులో నిజాము రాజ్యంలో జరిగిన సహాయపు పనులను కూడ తీశాడు. రాజాశ్రయంలో పనిచేసినవాడు గనుక ప్రభువుల ఘనతను చూపడమే ఆయన ప్రధాన వృత్తి. అది దాచవలసినది కాదు. కాని ఆయన స్టూడియోలో మరొక అధ్యాయం ఉన్నది. 1892లో హైదరాబాదులో పరదా స్త్రీలకు ప్రత్యేకంగా ఒక జెనానా స్టూడియో తెరిచి, దాని నిర్వహణ కెన్నీ లెవిక్ అనే ఆంగ్ల మహిళకు అప్పగించాడు. అక్కడికి వచ్చిన స్త్రీలను ఎవరూ పట్టి తీసికొనివచ్చి కూర్చోబెట్టలేదు. వారు తమ బొమ్మ తమకు కావాలని కోరి, తమకు నచ్చిన నగలు ధరించి, తమ కుటుంబంకోసం దిగారు. నమూనాగా చూడబడడానికి, తానై చూపుకోవడానికి ఉన్న భేదమిదే. దీన్‌దయాళ్ 1905లో మరణించాడు. ఆయన స్టూడియో గాజు నెగెటివులు రెండువేలకు పైగా 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రానికి చేరి భద్రంగా ఉన్నాయి.

6

1888లో ఈస్ట్‌మన్ కొడాక్ పెట్టెను అమ్మకానికి తెచ్చిన పిమ్మట ఈ విద్య నిపుణుల చేతినుండి క్రమంగా జనసామాన్యం చేతికి వచ్చింది. ఇరవయ్యవ శతాబ్దంలో ఊరూరా ఫొటో స్టూడియోలు వెలిశాయి. పెండ్లికి, చదువుకు, పరదేశ ప్రయాణానికి బొమ్మ దిగడం ఆచారమైంది. అందుచేత నేడు తొలి ప్రశ్న మన గుమ్మంలోకే వచ్చింది.

దానిని గుజరాతులో సూరత్ నగరపు గోడాదరావంటి పేటలలో స్పష్టంగా చూడవచ్చు. తెలంగాణ జిల్లాలనుండి మగ్గాల పనికి వచ్చి అక్కడ స్థిరపడిన తెలుగు నేతకుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సొంత ఊరిని విడిచినవారి ఇంటిలో, గోడమీది తాతగారి పటం పటం మాత్రమే కాదు. విడిచివచ్చిన ఊరికి మిగిలిన ఆనవాలు. సూరత్ జరీకి పుట్టినిల్లు. మన నేతచీరల అంచులకు ఆ జరీ వచ్చేది. వెండి జరీ గాలిలోని గంధకం సోకి నల్లబడుతుందని అక్కడివారికి చెప్పనక్కరలేదు. పాత ఛాయాచిత్రం పచ్చబడి మాసిపోవడానికి కూడ ముఖ్యకారణం అదే. హైపోలో గంధకం ఉన్నది. బొమ్మను నీటిలో చాలినంత కడగకపోతే మిగిలిన హైపో నల్లని వెండిని కొరికివేస్తుంది. 1855లోనే లండను ఛాయాచిత్రణ సంఘం ఈ మాపును విచారించడానికి ఒక ఉపసంఘాన్ని నియమించింది. నీడను నిలిపిన ద్రవ్యమే, కడగడంలో అశ్రద్ధ చేస్తే, నీడను చెరుపుతుంది.

అయితే రసాయనపు మాపుకంటె త్వరగా వచ్చే మాపు ఇంకొకటి ఉన్నది. పటంలోనివారిని ఎరిగిన పెద్దలు ఒక్కొక్కరే వెళ్లిపోతారు. సూరత్‌లో పుట్టిన మనుమరాలికి ఆ పెండ్లిచిత్రంలో కుడివైపు నిలిచినది మేనత్తయో, పెద్దమ్మయో తెలియదు. వెనుక కనిపించే గుడి ఏ ఊరిదో తెలియదు. అప్పుడు మన ఇంటి పటం కూడ ఆ పాత సంపుటాలలోని చిత్రాలవలె పేరులేని నమూనా అయిపోతుంది. దానికి పరాయి దొర ఎవడూ అక్కరలేదు. మన అశ్రద్ధ చాలును.

బింబాన్ని నిలపడానికి ఐరోపాలో నలుగురైదుగురు మేధావులు దశాబ్దాలు శ్రమించారు. పేరును నిలపడానికి అంత శ్రమ లేదు. పటాన్ని దింపి, వెనుకవైపు మెత్తని పెన్సిలుతో ఎవరు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఏ సంవత్సరం అని నాలుగు మాటలు వ్రాస్తే చాలును. ఆ పని చెప్పగల పెద్దలు ఇంటిలో ఉండగా చేయవలె.